సీసాలో ఉన్నది ఏ ఊరి వైరస్?

(మామ వ్యవసాయ శాఖలో చేసి రిటైరయ్యారు. మేనకోడలు పురుగుల వైరస్‌ల మీద పరిశోధన చేస్తోంది. శనగపచ్చ పురుగును చంపే ఎన్.పి.వి. వైరస్ ద్రావణం పాత సీసా ఒకటి మామ ఫ్రిజ్‌లో ఉంది. దాని జన్యుక్రమం, అంటే వైరస్ డీఎన్ఏలోని ఎ, టి, జి, సి అక్షరాల వరుస చదివి, వేరే ప్రాంతాల వాటితో పోలుస్తానని ఆమె అడిగింది.)

మామ: ఇవ్వనమ్మా. ఈ వైరస్ పని కంది చేలో నా కళ్లతో చూశాను. జబ్బుపడ్డ పురుగు కొమ్మ చివరికి పాకి, వెనక కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. ముట్టుకుంటే చర్మం చిట్లి లోపలిదంతా నీరులా కారిపోతుంది. వాటిని ఏరి, నూరి, గుడ్డలో వడగట్టి, బెల్లం కలిపి సాయంత్రం పూట కొట్టించేవాళ్లం. ఎండ పడితే వైరస్ నిలవదు కదా. ఏది గట్టిదో పురుగే చెప్పేది. అక్షరాలు లెక్కపెట్టి నువ్వు కొత్తగా తేల్చేదేముంది?

కోడలు: పురుగు చావకపోతే, ఎందుకు చావలేదో పురుగు చెప్పదు మామయ్యా. యూరప్ ఆపిల్ తోటల్లో అదే జరిగింది. కాయ తొలిచే కాడ్లింగ్ మాత్ పురుగు మీద గ్రాన్యులో వైరస్ అని, మన ఎన్.పి.వి. లాంటిదే, కొట్టేవాళ్లు. డబ్బాల మీద పేర్లు వేరు, లోపలిది మాత్రం ఒక్కటే, 1960ల్లో మెక్సికోలో దొరికిన వైరస్ సంతతి. 2005 నాటికి జర్మనీలో కొన్ని తోటల్లో పురుగులు దానికి లొంగలేదు. వెయ్యి రెట్లు మోతాదు పెంచినా అంతే.

మామ: ఆ సంగతి పట్టుకున్నది తోటలో, నీ మెషీన్‌లో కాదు.

కోడలు: నిజమే. కానీ కారణం దొరికింది జన్యుక్రమాల్లోనే. మెక్సికో వైరస్‌లో దాదాపు 1,23,500 అక్షరాలు. లొంగని పురుగులను కూడా చంపే వైరస్‌లు ఇరాన్ లాంటి చోట్ల దొరికాయి. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, పీఈ38 అనే జన్యువులో 24 అక్షరాల ముక్క ఒక్క మెక్సికో దాంట్లోనే అదనంగా ఉంది. వేరే వైరస్ నుంచి ఆ జన్యువు తెచ్చి పెడితే మెక్సికో వైరస్ కూడా ఆ పురుగులకు సోకింది. 2014లో అచ్చయిన సంగతి ఇది.

మామ: 2014 అన్నావు. మరి రైతుకు కొత్త మందు అప్పటిదాకా ఆగిందా? లొంగని పురుగులకు ఒక్కో వైరస్ తినిపించి, చంపినదాన్ని ఏరుకున్నారు. మందు ముందే తోటకు చేరింది, నీ 24 అక్షరాలు తర్వాత వచ్చాయి.

(ఈ మాటకు ఆమె దగ్గర సూటి జవాబు లేదు. ఇక్కడ నేను మామ పక్షమే.)

కోడలు: సరే, మందు ముందే వచ్చింది. దాంతో కథ అయిపోలేదు కదా. తర్వాత కొన్ని తోటల్లో పురుగులు ఇంకొన్ని రకాల వైరస్‌లకూ లొంగడం మానేశాయి. ఆ వైరస్‌లను జన్యుక్రమాన్ని బట్టి ఎ (A) నుంచి ఇ (E) దాకా గుంపులు కట్టారు కాబట్టే, ఏ తోటలో దేన్ని మార్చి కొట్టాలో ఆలోచించగలుగుతున్నారు. లేకపోతే రెండు డబ్బాలు కొని, ఒకే వైరస్‌ను రెండుసార్లు కొట్టినట్టే.

మామ: ఒక్క పురుగులోనే నాలుగైదు రకాల వైరస్ కలిసి ఉంటుంది. నువ్వు అన్నిటినీ కలిపి ఒకే అక్షరాల వరుస రాసి ఊరి పేరు తగిలిస్తావు. చంపేది అందులో మూల నక్కి ఉన్న రకమైతే?

కోడలు: మంచి ప్రశ్న. ఇప్పుడు అదే చోటును వందలసార్లు చదువుతాం. ఏ అక్షరం ఎంత శాతమో, నక్కి ఉన్న రకం ఎంతుందో లెక్క తేలుతుంది. మన శనగపచ్చ పురుగు వైరస్‌నే చూడండి. చైనాలో దొరికినదాన్ని 2001లో పూర్తిగా చదివారు, 1,31,403 అక్షరాలు. కెన్యా, స్పెయిన్, ఆస్ట్రేలియాల నుంచి కూడా చదివినవి ఉన్నాయి. మీరు ఊరూరా తిరిగి ఏరినది వాటిలో దేనికి దగ్గరో చూడొద్దా?

మామ: ముందు పురుగులకు తినిపించు. చచ్చాక చదువుకో.

కోడలు: చావకపోతే ఇంకా చదవాలి మామయ్యా. తినిపించే పని మీది, చదివే పని నాది. కానీ ఈ సీసా మీద తేదీ తప్ప ఇంకేం లేదే. ఏ ఊళ్లో, ఏ పంట మీద ఏరారు?

మామ: (సీసాను వెలుతురుకు పట్టి చూస్తూ) కంది. ఊరు... ఉండు, పాత డైరీలో ఉంటుంది, తెస్తాను.