ఆయిల్ తనంతట తానే మార్చుకునే కారు

కార్ల కంపెనీలు కొత్త టెక్నాలజీ అంటూ ఎంత ఊదరగొట్టినా, ఈ దశాబ్దపు అసలు ఆవిష్కరణ మాత్రం నా పన్నెండేళ్ల పాత పెట్రోల్ కారుదే. అది ఆయిల్ తనంతట తానే మార్చుకుంటుంది. పాత ఆయిల్‌ని నీలం పొగగా సైలెన్సర్‌లోంచి సాగనంపుతుంది, నేను పైనుంచి కొత్తది పోస్తాను. డ్రెయిన్ ప్లగ్ విప్పే పని లేదు, కిందికి దూరి ట్రే పెట్టే పని లేదు. ఇంత సుఖపడుతుంటే చూడలేక, వెనకాల బండ్లవాళ్లు అద్దం దించి మరీ "సార్, మీ బండి ఆయిల్ తాగుతోంది" అంటారు. కుళ్లు కాకపోతే ఏంటండీ ఇది?

పైగా నా కారు చేస్తున్నది రూల్ ప్రకారమే. 1,000 కిలోమీటర్లకు 1 లీటరు దాకా ఖర్చయినా మామూలే అని మాన్యువల్‌లో రాసుకున్న కంపెనీలున్నాయి. ఇంజన్‌లో పట్టేది 4 లీటర్లు, సర్వీసింగ్ 10,000 కిలోమీటర్లకోసారి అనుకోండి, మీరే లెక్కేయండి. మధ్యలో బానెట్ ఎత్తి చూడకపోతే ఆ ఇంజన్ అన్ని నియమాలూ పాటిస్తూనే, ఏ లోపమూ లేకుండానే, సగం దారిలో ప్రాణం వదిలేస్తుంది.

"మరి ఆయిల్ లైటు వెలగలేదుగా" అనే ధీమా గాళ్లు కొందరున్నారు. ఆ లైటు చూసేది ఆయిల్ ప్రెషర్‌ని, లెవెల్‌ని కాదు. చాలా కార్లలో లెవెల్ బాగా పడిపోయి, పంపు ఆయిల్ బదులు గాలి పీల్చడం మొదలుపెట్టాక గానీ అది వెలగదు. దాన్ని హెచ్చరిక దీపం అనేకంటే తల దగ్గర దీపం అంటే సరిపోతుంది.

సరే, జనం పోరు పడలేక ముగ్గురు నిపుణులకు చూపించాను. మొదటాయన బానెట్ ఎత్తకుండానే, బండి లోపలికి వస్తున్న చప్పుడు విని, "ఇంజన్ దించాలి" అన్నాడు. రెండో ఆయన "చిక్కటి ఆయిల్ పొయ్యండి, అదే సర్దుకుంటుంది" అన్నాడు. మూడో ఆయన ఒక చిన్న డబ్బా చేతిలో పెట్టి, ఆయిల్‌లో కలపమన్నాడు, అందులో ఏముందో ఆయనకీ తెలియదు, డబ్బా మీదా లేదు. ముగ్గురిలో ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు: ఎన్ని కిలోమీటర్లకి ఎంత తగ్గుతోంది?

అడగకపోవడమే మంచిది లెండి. కొలిస్తే మజా పోతుంది. బండిని చదునుగా ఉన్నచోట ఆపి, ఓ పది నిమిషాలు ఆగి, ఆయిల్ లెవెల్ చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూసి, పై గీత దాకా నింపి, మీటర్ రీడింగ్ రాసుకుని, 1,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే గీత దాకా ఎంత పట్టిందో కొలత సీసాతో పోసి చూడటం. దీనికి ఏ చదువూ అక్కర్లేదు కాబట్టి దీనికి గౌరవం కూడా లేదు.

గౌరవమంతా పొగ జ్యోతిషానికే. నిజం చెప్పాలంటే అందులో కాస్త శాస్త్రం ఉంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గుప్పున నీలం పొగ వచ్చి ఆగిపోతే, వాల్వుల దగ్గర ఆయిల్‌ని ఆపే వాల్వ్ సీల్స్‌లోంచి రాత్రంతా కారిన ఆయిల్ కాలిందని అనుమానించాలి. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడల్లా వస్తుంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, పిస్టన్ ఆడే సిలిండర్ గోడ, అదే బోరో, అరిగిందనుకోవాలి. చలికాలం పొద్దున కనిపించి మాయమయ్యే తెల్లటి పొగ ఒట్టి ఆవిరి, దానికి భయపడి ఇంజన్ దించినవాళ్లకి నా జోహార్లు. అసలు పొగే కనిపించకుండా ఆయిల్ ఖాళీ చేసే ఇంజన్లూ ఉన్నాయి. ఇంజన్ పైమూత, అదే ట్యాపెట్ కవర్, దాని గ్యాస్కెట్ దగ్గర కారిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి అక్కడే మాడిపోతుంది, నేల మీద చుక్క ఉండదు, కమురు వాసన మాత్రం ఉంటుంది.

రింగులేనా అని చూడటానికి కంప్రెషన్ టెస్ట్ ఉంది, అంటే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తోందో గేజ్‌తో కొలవడం. ఒకసారి కొలిచి, సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు, అంకె బాగా పెరిగితే రింగుల వైపే వేలు. అలాగని కంప్రెషన్ బాగుంటే రింగులన్నీ మంచివని కాదు, కింద ఉండే ఆయిల్ రింగు ఒక్కటీ మసి పట్టి బిగుసుకుపోయినా గేజ్‌లో తెలియదు.

ఇక నా కారు సంగతి. కొలిస్తే 1,000 కిలోమీటర్లకి 900 మిల్లీలీటర్లు. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయబోతే రాలేదు, లోపలినుంచి ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుంది. బలవంతంగా తీసి కన్నం మీద కాగితం పెడితే ఠపీమని అతుక్కుని గుంటపడింది. కాస్తంత పీల్చడం మామూలే, ఇంత కాదు. పీసీవీ వాల్వ్ అని ఒకటుంటుంది, ఇంజన్ కింది భాగమైన క్రాంక్‌కేస్‌లో పేరుకునే గ్యాసుల్ని ఇన్‌టేక్‌లోకి పంపి కాల్పించడం దాని పని. నా కారులో దాని లోపలి రబ్బరు పొర చిరిగి, గాలితో పాటు ఆయిల్‌నీ పీల్చేస్తోంది. అరచేతిలో పట్టే ముక్క, మార్చడానికి అరగంట పట్టింది. ఇంజన్ దించాలన్న ఆయనకి ఫోన్ చేసి చెబితే, కాసేపు ఆలోచించి, "ఎందుకైనా మంచిది, ఒకసారి దించి చూద్దాం" అన్నాడు.

మళ్లీ కొలిస్తే 200కి తగ్గింది. నా ఆవిష్కరణ అక్కడితో సరి, అందరిలాగే ఆయిల్ మార్పించుకోవాల్సిన బతుకైపోయింది. నిన్న ట్రే పెట్టుకుని కారు కింద వెల్లకిలా పడుకున్నాను. డ్రెయిన్ ప్లగ్ కదలదు. కదలమంటే ఎలా కదులుతుంది, నాలుగేళ్లుగా దాన్ని ముట్టుకున్నవాడు లేడు. చివరికి ఊడాక కారింది ఆయిలో తారో చెప్పలేను. ఫిల్టర్ ఇంకా ఊడలేదు.