లోహపు వాల్వ్ వేయించుకుంటే ఇక చూసుకోనక్కర్లేదా?

వరదలకు ముందు నుంచీ కోనసీమ ఫోన్లలో ఒక సందేశం తిరుగుతోంది. గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం, అంటే అయోర్టా, మొదట్లో ఉబ్బితే ఉబ్బిన భాగాన్నీ వాల్వ్‌నూ కలిపి మార్చే బెంటాల్ ఆపరేషన్‌తో లోహపు వాల్వ్ వేయించుకోవాలట. ఒక్కసారి వేయిస్తే జన్మలో మళ్లీ చూసుకోనక్కర్లేదట. సొంత వాల్వ్ ఉంచే ఆపరేషన్ ఇంకా ప్రయోగమేనట. అయోర్టా వెడల్పు నాలుగు సెంటీమీటర్లు దాటితే వెంటనే కోయించుకోవాలట. ఆ తర్వాత ఆకుకూర ముట్టకూడదట.

నేను అమలాపురంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ 'చూసుకోనక్కర్లేని' వాళ్ల చేతికి సూది గుచ్చేది నేనే.

లోహపు వాల్వ్ త్వరగా అరగదన్న మాట నిజం. కానీ దానిమీద రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ మాత్ర బతికినంతకాలం వేసుకోవాలి. మోతాదు సరిపోయిందా లేదా అన్నది పీటీ ఐఎన్ఆర్ అనే, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్షలో తేలుతుంది. ఈ వాల్వ్‌కు ఆ అంకె మామూలుగా 2కూ 3కూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. నీలం మూత గొట్టంలో గీత దాకా రక్తం పడకపోయినా అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అంత సున్నితమైన లెక్క ఇది. పిల్లలు కావాలనుకునే అమ్మాయికైతే వార్ఫరిన్ కడుపులో బిడ్డకే ప్రమాదం. సందేశం రాసినాయనకు ఆడపిల్లలు గుర్తుకు రాలేదు కాబోలు. జంతు కణజాలపు వాల్వ్‌తో జీవితాంతం ఈ మాత్ర బాధ సాధారణంగా ఉండదు, కానీ అది పది పదిహేనేళ్లలో పాడవుతుంది. చిన్న వయసువాళ్లలో ఇంకా ముందే.

ఇక 'ప్రయోగం'. బెంటాల్ పద్ధతి 1968లో వెలువడింది. సొంత వాల్వ్ ఉంచే పద్ధతిని టొరంటోలో టిరోన్ డేవిడ్ 1992లో ప్రకటించారు. ముప్ఫై ఏళ్లు దాటినదాన్ని ప్రయోగమంటే ఎలా? కాలువ గట్టు జారుతుంటే గట్టు కట్టుకుంటాం, తూము తలుపులు బాగుంటే వాటిని పీకేయం. డేవిడ్ పద్ధతిలో ఉబ్బిన గోడ తీసి గొట్టం పెట్టి, సొంత వాల్వ్ రేకులను అందులో కుడతారు. గుండెకు రక్తమిచ్చే కరోనరీ నాళాలను మళ్లీ అతికించడం రెండు పద్ధతుల్లోనూ ఉంది. రేకులు గట్టిపడినా చిరిగినా ఇది కుదరకపోవచ్చు. కుదిరినా కొందరికి తర్వాత లీకు మొదలై మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి. 'ఇవి ఏడాదికి ఎన్ని చేస్తారండీ?' అని అడగడానికి మొహమాటపడకండి.

నాలుగు సెంటీమీటర్ల మాట వట్టి భయపెట్టడం. చాలామందికి ఆపరేషన్ హద్దు 5.5 సెంటీమీటర్లు. మార్ఫాన్ అనే, రక్తనాళాల గోడలు బలహీనపడే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్లకు 5, ఇంట్లో ఎవరికైనా అయోర్టా చీలిన చరిత్ర ఉంటే ఇంకా ముందే. అప్పటిదాకా బీపీ అదుపు, క్రమం తప్పని స్కాన్లు.

ఆకుకూరల సలహా మాత్రం నా బల్ల దగ్గరికే వచ్చింది. లంక గ్రామం నుంచి పడవెక్కి వచ్చే రైతు ఒకాయన రోజూ తోటకూర తినేవారు, వార్ఫరిన్ మోతాదు దానికి తగ్గట్టే కుదిరింది. సందేశం చూసి ఒక్కసారిగా మానేశారు. వరదకు రేవు ఆగడంతో నెలన్నర పరీక్షకు రాలేదు. 'మాత్ర ఒక్కరోజూ తప్పలేదండి' అంటూ చిగుళ్లకు గుడ్డ అద్దుకున్నారు. అంకె 6 దాటింది. ఆకుకూరలోని విటమిన్ కె ఈ మందుకు ఎదురు పనిచేస్తుంది. అది ఆగిపోతే పాత మోతాదే ఎక్కువైపోతుంది. తినేది ఏ వారమైనా ఒకే లెక్కలో ఉండాలి, అంతే. డాక్టరు మోతాదు సరిచేశారు, వాళ్లింట్లో తోటకూర పప్పు మళ్లీ మొదలైంది. నిన్నటి అంకె 2.6.