విస్తరిలో మిర్చి టిక్కీ

కంప్యూటర్ తన కడుపులో తేదీని ఏ రూపంలో దాచుకుంటుందో జనానికి కూడా ఆ రూపంలోనే చూపించాలని నేను చాలాకాలంగా వాదిస్తున్నాను. సత్యానికి సింగారం ఎందుకు? పైగా తేదీని చదవడానికి వీలుగా మార్చాలంటే ప్రోగ్రాము రాసే కుర్రవాడు ఒక పంక్తి అదనంగా రాయాలి. ఆ భారమంతా పాపం ఒక్కడిమీద మోపడం కన్నా, చూసే వేలమంది తలా కాసేపు బుర్ర గోక్కోవడం న్యాయం కదా.

ఈ వాదనకు మొదటి విరోధి మా బాబాయి. గుంటూరు బ్రాడీపేట వాస్తవ్యులు, మిర్చి యార్డులో ముప్పయ్యేళ్లు గుమాస్తాగా చేసి దిగినవారు. 2025 ఫిబ్రవరి 14న జరగాల్సిన మా చెల్లెలి పెళ్లికి ఒక కల్యాణ మండపం మాట్లాడి అడ్వాన్సు కట్టారు. రసీదు వెబ్‌సైట్లో చూసుకోమన్నారట. తెరిస్తే తేదీ గడిలో ఇలా ఉంది: 2025-02-13టీ18:30:00.000జెడ్.

బాబాయి కళ్లజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు.

"ముందురోజు సాయంత్రం ఆరున్నరకే మండపం ఇచ్చేస్తున్నారే! టీ కూడా వాళ్లదే."

"మరి చివర ఆ జెడ్ ఏమిటండీ?" అంది పిన్ని.

"ఆ టీ తప్ప ఇంకేమీ ఇవ్వరని."

నేను ఓపికగా వివరించాను. ఆ టీ తాగేది కాదు, తేదీకీ గంటలకూ మధ్య కట్టిన గోడ. జెడ్ అంటే గ్రీనిచ్ లెక్క. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు నడుస్తుంది. ఇక్కడ అర్ధరాత్రి దాటి పద్నాలుగో తేదీ పుట్టే వేళకు అక్కడ ఇంకా పదమూడు సాయంత్రం ఆరున్నరే. కాబట్టి రసీదులో తప్పేమీ లేదు. తప్పల్లా మనం గుంటూరులో కాపురం పెట్టడంలో ఉంది.

"ఆ ఐదున్నర గంటలేవో వాళ్లే కలిపి చూపించవచ్చు కదరా?" అన్నారు బాబాయి. ఎవరి ఊరి లెక్క వాళ్లకు కావాలని పట్టుబడితే సాంకేతిక ప్రగతి ఎలా సాగుతుందో మీరే చెప్పండి.

అయినా ఆయన ఊరుకోలేదు, ఫోను చేశారు. మండపం వారు మర్యాదస్తులు, ఆ రోజే మార్పించారు. మార్చాక 02/14/2025 అని వచ్చింది, అమెరికావారి వరసలో, నెల ముందు. బ్రాడీపేటలో పుట్టి పెరిగినవాళ్లకు రెండు అంకెల మధ్య ఏటవాలు గీత కనబడితే అది చిరునామా. రెండో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. "మండపం లక్ష్మీపురంలో అన్నారే, మన పక్కకు ఎప్పుడు మార్చారు?" అని బాబాయి చెప్పులు వేసుకుని చూసి రావడానికి బయలుదేరారు. ఇంతకీ మాది అదృష్టం. పద్నాలుగో నెల ఉండదు కాబట్టి పొరపాటు కొట్టొచ్చినట్టు కనబడింది. అదే 03/04 అయితే ఒక వియ్యంకుడు మార్చి నాలుగున, రెండో వియ్యంకుడు ఏప్రిల్ మూడున పందిట్లో దిగి ఉండేవారు.

మర్నాడు ముహూర్తం వేళ కూడా చేర్చారు. పంతులుగారు పెట్టింది 10 గంటల 47 నిమిషాలు, తెరమీద 10.02. కారణం ఒకే ఒక్క అక్షరం. పీహెచ్‌పీ అనే ప్రోగ్రాములు రాసే భాషలో చిన్న ఎమ్ నెలకు గుర్తు, నిమిషాలకు ఐ. మినిట్స్ కదా అని కుర్రవాడు ఎమ్ వేశాడు. దాంతో ఫిబ్రవరిలో ఆ మండపంలో ఏ పెళ్లయినా, ఏ గంటకైనా, రెండో నిమిషానికే. మార్చి వస్తే అందరికీ మూడో నిమిషం. మన పంచాంగకర్తలకు ఇన్నేళ్లలో ఇంత సౌలభ్యం తట్టలేదు.

శుభలేఖ రాయించడానికి వచ్చిన పంతులుగారు ఇదంతా విని నవ్వారు. ఆయన లెక్క సూర్యోదయం నుంచి ఘడియల్లో సాగుతుంది. ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు. ఆ లెక్క ఆయన పుస్తకంలోనే ఉంటుంది. కార్డుమీదికి వచ్చేసరికి గంటలు, నిమిషాలు, వారం. రాత్రి రెండున్నరకు ముహూర్తమైతే 'శుక్రవారం రాత్రి' అని వేసి, పక్కనే బ్రాకెట్లో 'తెల్లవారితే శనివారం' అంటారు. మన రోజు పొద్దుపొడుపుతో మారుతుందని, గడియారం రోజు అర్ధరాత్రే మారుతుందని, చుట్టాలు రైలు తప్పిపోతారని ఆయనకు తెలుసు. రెండే మాటల్లో సర్దేశారు. ఇది నా వాదనకు తగిలిన పెద్ద దెబ్బ అని ఒప్పుకోక తప్పదు. అయితే పంతులుగారికి ప్రోగ్రామింగ్ రాదు కనుక ఆయన సాక్ష్యం చెల్లదు.

నేను చివరి అస్త్రం తీశాను. ఏడాది, నెల, రోజు అనే ఆ వరసను తక్కువ చేయకండి, అది 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 అనే అంతర్జాతీయ ప్రమాణం, అలా దాచితే తేదీలన్నీ పాతవి ముందు, కొత్తవి వెనక వాటంతట అవే బారులు తీరతాయి అన్నాను.

"దాచుకోమను, కాదన్నదెవరు?" అన్నారు బాబాయి. "యార్డులో మేమూ మిర్చిని టిక్కీల్లోనే, అంటే బస్తాల్లోనే ఉంచాం, నంబర్లు వేసి వరసగా పేర్చాం. ఎన్ని టిక్కీలు పేర్చినా, భోజనానికి కూర్చున్నవాడి విస్తరిలో టిక్కీ తెచ్చి దింపలేదురా. దంచి, జల్లించి, చిటికెడు కారం వేశాం."

ఇలాంటి పాతకాలపు ఆలోచనలతో వాదించి లాభం లేదు.

పెళ్లికి వారం ఉందనగా తేదీ కుదిరింది. '14 ఫిబ్రవరి 2025, శుక్రవారం, ఉదయం 10.47' అని చక్కగా, నా సిద్ధాంతానికి పూర్తి విరుద్ధంగా. దాని కిందే ఇంకో గడి వెలిసింది: 'అడ్వాన్సు ముట్టిన తేదీ: 01-01-1970, ఉదయం 5.30'. ఆ తేదీని రాసుకోవడం వాళ్ల గుమాస్తా మరిచిపోయాడు. ఖాళీ గడిని కంప్యూటర్ సున్నాగా తీసుకుంది. దాని లెక్కలో సున్నా అంటే 1970 జనవరి 1, గ్రీనిచ్ అర్ధరాత్రి. పైన ఐదున్నర గంటలు కలపమని అడిగింది మేమే కదా.

బాబాయి చాలాసేపు ఆ గడి వంక చూశారు. తరవాత కాగితం, పెన్ను తెమ్మన్నారు.

"అడ్వాన్సు పాతిక వేలు. ముట్టి యాభై అయిదేళ్లయిందని వాళ్లే రాసిచ్చారు. రెండు రూపాయల వడ్డీ చొప్పున మనకెంత రావాలో లెక్క కట్టు."