మనవాళ్లు మాట్లాడితేనే స్వేచ్ఛా?

ప్రతి చర్చలో ఇదే గోల. తమ పార్టీవాడు నోరు జారితే భావ ప్రకటన స్వేచ్ఛ అంటారు, అవతలివాడు అదే మాట అంటే కేసు పెట్టి లోపలెయ్యమంటారు. విని విని విసుగొచ్చేసింది. ఏది అబద్ధమో, ఏది ద్వేషమో తేల్చే అధికారం ప్రభుత్వానికిచ్చేస్తే, రేపు మీకు నచ్చనివాళ్లు గెలిచినప్పుడు ఆ కర్ర వాళ్ల చేతికే పోతుంది కదా, ఇది ఎందుకు తట్టదు? అమెరికా రాజ్యాంగంలో మాట్లాడే స్వేచ్ఛను కాపాడే మొదటి సవరణ 1791 నుంచే ఉంది. అయినా 1918లో మొదటి ప్రపంచ యుద్ధానికి వ్యతిరేకంగా ప్రసంగించినందుకు యూజీన్ డెబ్స్‌కి 10 ఏళ్ల జైలుశిక్ష వేశారు. ఆయన అక్కడి సోషలిస్టు నాయకుడు, ఆయన ఆర్థిక విధానాలు నాకు అస్సలు నచ్చవు, అయినా ఆయన్ని మాట్లాడనివ్వాల్సిందే. నేనిలా అనగానే "ఇంతకీ నువ్వు ఎవరి వైపు?" అని అడుగుతారు చూడండి, అక్కడే ఒళ్లు మండుతుంది.