ఒప్పందంలో విద్యార్థి జీతం ఎక్కడ?

అమెరికాలో నల్లజాతి యువత కోసం ఏర్పడిన కళాశాలలకూ పేటల్లో పిల్లలు ఆటపాటలకు చేరే కమ్యూనిటీ రిక్రియేషన్ సెంటర్లకూ (రెక్ సెంటర్లకూ) మధ్య ఒప్పందం కుదిరినప్పుడల్లా సేవ, స్ఫూర్తి, మార్గదర్శనం అనే మాటలు విరివిగా వినిపిస్తాయి. పిల్లలతో గంటల తరబడి గడపబోయే కాలేజీ విద్యార్థికి జీతం ఎవరిస్తారు, ఆ సెంటర్ తలుపులు ఏడాది పొడవునా తెరిచి ఉంచే ఖర్చు ఎవరు భరిస్తారు అన్న విషయం మాత్రం వెనక్కి పోతుంది. ఈ భాగస్వామ్యాలు నిలబడేదీ నీరుగారేదీ అక్కడేనని నా అభిప్రాయం.

1964కు ముందు, నల్లజాతీయుల విద్యే ప్రధాన లక్ష్యంగా స్థాపితమైన సంస్థలను 1965 నాటి ఉన్నత విద్యా చట్టం హెచ్‌బీసీయూలుగా (చారిత్రక నల్లజాతి కళాశాలలు, విశ్వవిద్యాలయాలుగా) నిర్వచించింది. ఇవి ఇప్పుడు సుమారు వంద ఉన్నాయి. తెల్లవారి విశ్వవిద్యాలయాలు తలుపులు మూసిన రోజుల్లో ఇవి పుట్టాయి. ఆ రోజుల్లోనే పార్కులు, టెన్నిస్ కోర్టులు, ఈతకొలనులు కూడా రంగును బట్టి విడిపోయి ఉండేవి కనుక, నల్లజాతి పేటలోని ఆటస్థలమూ ఆ ఊరి నల్లజాతి కాలేజీ ఒకరినొకరు ఆదుకోక తప్పని ఇరుగుపొరుగుగా మెలిగాయి.

వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లోని బ్రూక్ ఫీల్డ్ సంగతే చూడండి. నల్లజాతీయులకు కేటాయించిన ఆ 18 ఎకరాల ఆటస్థలానికి, తర్వాత టెన్నిస్ చాంపియన్ అయిన ఆర్థర్ యాష్ తండ్రి సంరక్షకుడు. వారి ఇల్లు కూడా ఆ ఆవరణలోనే ఉండేది, టెన్నిస్ కోర్టులు గుమ్మానికి కూతవేటు దూరం. 1950లో, ఏడో ఏడు నిండకముందే తల్లిని పోగొట్టుకున్న ఆ పిల్లవాడు, కోర్టులో సాధన చేస్తున్న ఒక యువకుణ్ణి చూస్తూ నిలబడేవాడు. ఆ యువకుడు రాన్ చారిటీ. అదే ఊళ్లోని హెచ్‌బీసీయూ అయిన వర్జీనియా యూనియన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థి, బ్రూక్ ఫీల్డ్‌లో పార్ట్‌టైమ్ శిక్షకుడు. నేర్చుకుంటావా అని అడిగి, రాకెట్ పట్టుకోవడం దగ్గరనుంచి నేర్పించాడు. తర్వాత లించ్‌బర్గ్‌లోని డాక్టర్ రాబర్ట్ వాల్టర్ జాన్సన్ దగ్గరికి చేర్చాడు. సొంత ఇంటి ఆవరణలో కోర్టు వేసి వేసవి శిబిరాలు నడిపిన ఆ వైద్యుడు లింకన్ విశ్వవిద్యాలయంలో, మెహారీ వైద్య కళాశాలలో చదివినవాడు. ఆ రెండూ హెచ్‌బీసీయూలే. అదే జాన్సన్ శిక్షణలో ఎదిగిన ఆల్థియా గిబ్సన్ హార్లెంలో ఆటల కోసం బండ్లు ఆపిన వీధిలో ప్యాడిల్ టెన్నిస్ ఆడుతూ మొదలుపెట్టి, ఫ్లోరిడా ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకుని, 1957లో వింబుల్డన్ గెలిచింది. యాష్ 1975లో గెలిచాడు.

ఈ కథను ప్రతిభ కథగా చెప్పుకోవడం మామూలే. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది చారిటీ ఉద్యోగం. ఎవరో పిలిస్తే ఒక శనివారం వచ్చి ఫొటో దిగి వెళ్లిన స్వచ్ఛంద సేవకుడు కాదతను. అక్కడ ఉండటమే అతని పని, అందుకే పిల్లవాడి కళ్లు తన మీద ఉన్నాయని గమనించగలిగాడు. ఇంకో సంగతి కూడా ఉంది. యాష్ చివరికి చదివింది లాస్ ఏంజెలిస్‌లోని యూసీఎల్ఏలో. వర్జీనియా యూనియన్‌కు ఆ పెట్టుబడి మీద ఒక్క అడ్మిషన్ కూడా రాలేదు. రెక్ సెంటర్ నుంచి ఎంతమంది పిల్లలు మన కాలేజీలో చేరారన్న లెక్కతో ఈ భాగస్వామ్యాలను కొలిచేవారు ఆ ఉదాహరణ గురించి ఆలోచించాలి.

ఈ బంధాన్ని తెంచింది కాలం కాదు, నగర పాలకులు. పార్కుల్లో వివక్ష చెల్లదంటూ కోర్టులో దావా పడగానే, అలబామాలోని మాంట్‌గోమెరీ నగరం 1959 జనవరి 1 నుంచి తన పార్కులన్నిటినీ మూసేసింది. ఓక్ పార్కులోని కొలనును పూడ్చేసింది. పిల్లల ఆటపాటల నిర్వహణ చాలావరకు అప్పట్లో తెల్లవారికే పరిమితమైన వైఎంసీఏ చేతికి వెళ్లింది. అలబామా స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్నది ఆ నగరంలోనే. జాక్సన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్న మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్‌లో, నల్లవారితో కలిసి ఈదడం కన్నా కొలనులు లేకపోవడమే మేలనుకుని నగరపాలకులు వాటిని మూసివేస్తే, 1971లో సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో అది రాజ్యాంగ విరుద్ధం కాదని సమర్థించింది.

ఆ మూసివేతల మూల్యం ప్రాణాలతో చెల్లించాల్సి వస్తోంది. తల్లిదండ్రులకు ఈత రాకపోతే పిల్లలు నేర్చుకునే అవకాశం తగ్గుతుంది. 2017లో యూఎస్ఏ స్విమ్మింగ్ ఫౌండేషన్ అధ్యయనం ప్రకారం 64 శాతం నల్లజాతి పిల్లలకు ఈత రాదు, లేదా అంతంతమాత్రమే వచ్చు. తెల్లజాతి పిల్లల్లో అది 40 శాతం. 10 నుంచి 14 ఏళ్ల నల్లజాతి పిల్లలు స్విమ్మింగ్ పూల్‌లో మునిగి చనిపోయే రేటు తెల్లజాతి పిల్లలకన్నా 7.6 రెట్లు ఎక్కువని వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ తేల్చింది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రెక్ సెంటర్ కొత్త కాదు. పిల్లల్ని ఈత క్లాసులో దింపి, అయ్యేదాకా బెంచీ మీద కూర్చునే తల్లిదండ్రులు వేలల్లో ఉంటారు. పన్ను రాబడి బాగా ఉన్న శివారుల్లో సహజంగా అనిపించే ఆ ఏర్పాటు, కొన్ని మైళ్ల దూరంలోని నల్లజాతి పేటలో రెండు తరాలు లేకుండా పోయిందని వారు గుర్తించాలి.

కాలేజీ స్థాయిలో ఈత జట్టు ఉన్న హెచ్‌బీసీయూ నేడు ఒక్కటే, వాషింగ్టన్‌లోని హోవార్డ్ విశ్వవిద్యాలయం. 2023లో దాని పురుషుల జట్టు నార్త్‌ఈస్ట్ కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచింది. హోవార్డ్ ఎదుట, జార్జియా అవెన్యూ దాటితే బానెకర్ రిక్రియేషన్ సెంటర్ ఉంటుంది. 1934లో నల్లజాతీయుల కోసం కట్టిన ఆ కేంద్రానికి సొంత ఈతకొలను ఉంది. ఇటు ఈత వచ్చిన విద్యార్థులు, అటు నీళ్లు, నడుమ ఒక్క రోడ్డు. ఇలాంటి సామీప్యం ఇంకా చాలా ఊళ్లలో ఉంది. దాన్ని ఉద్యోగాలుగా మార్చే యంత్రాంగమే కావాలి.

దానికి డబ్బు ఎక్కడనే ప్రశ్నకు కొంత సమాధానం ఇప్పటికే చట్టంలో ఉంది. చదువుకుంటూ పనిచేసే విద్యార్థులకు జీతమిచ్చే ఫెడరల్ వర్క్-స్టడీ పథకం కింద కాలేజీకి వచ్చే సొమ్ములో కనీసం 7 శాతం సమాజ సేవకు సంబంధించిన ఉద్యోగాలకు ఖర్చు చేయాలి. పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే విద్యార్థుల జీతాన్ని పూర్తిగా ఆ నిధుల నుంచే చెల్లించవచ్చు. రెక్ సెంటర్‌లో సాయంత్రం హోంవర్క్ చెప్పడం ఇందులోకి చక్కగా ఇముడుతుంది. ఇంటర్న్‌షిప్ పేరుతో అదే పనిని ఉచితంగా చేయించుకోవడం అన్యాయం. హెచ్‌బీసీయూల్లో పెల్ గ్రాంట్ మీద చదివే పేద విద్యార్థులే ఎక్కువ. జీతంలేని గంటలు వారికి భారం.

భవనాలు, కొలనుల మరమ్మతు ఖర్చును మాత్రం కాలేజీల నెత్తిన పెట్టకూడదు. 2023 సెప్టెంబరులో అమెరికా విద్యా, వ్యవసాయ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకు రాసిన లేఖల్లో, ల్యాండ్-గ్రాంట్ హోదా (ప్రభుత్వ భూముల రాబడితో కాలేజీలు నెలకొల్పిన చట్టం కింద వచ్చే హోదా) ఉన్న హెచ్‌బీసీయూలకు ఆ రాష్ట్రాలు మూడు దశాబ్దాల్లో 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చాయని లెక్కగట్టి చెప్పారు. ఒక్క టెనెసీ స్టేట్ విశ్వవిద్యాలయం వాటాయే 210 కోట్ల డాలర్లు. తనకు రావాల్సింది రాని సంస్థను, కొలనులు మూసేసిన నగరాల అప్పు కూడా తీర్చమనడం తగదు. ఆ ఖర్చు నగరాలు, రాష్ట్రాలే పెట్టాలి.

చివరిగా, ఒప్పంద పత్రాల్లో తరచు జారిపోయే అంశం క్యాలెండర్. మే నెల వచ్చేసరికి కాలేజీ ఖాళీ అవుతుంది, హాస్టళ్లు మూతపడతాయి, విద్యార్థులు సొంతూళ్లకు వెళ్లిపోతారు. రెక్ సెంటర్‌కు పిల్లలు పోటెత్తేది, లైఫ్‌గార్డుల అవసరం పెరిగేది సరిగ్గా జూన్ నుంచి ఆగస్టు వరకు. అందుకే జీతంతోపాటు ఆ మూడు నెలలూ హాస్టల్ గది, భోజనం ఇచ్చే షరతును ఒప్పందంలో మొదటి పేజీలోనే రాయాలి. ఆ వేసవిలో ఎటూ ఖాళీగా ఉండే గదులవి. అద్దె భారం లేకుండా ఉండే వీలుంటే, ఏప్రిల్‌లో లైఫ్‌గార్డు సర్టిఫికెట్ తీసుకున్న విద్యార్థి జూన్‌లో కొలను గట్టున ఉంటాడు.