అమ్మోనైట్ రాతినత్త కాదు: ఒక ప్రచారానికి జవాబు

అమ్మోనైట్లు అంతరించిపోయిన సముద్ర జీవులు; వాటి చుట్టలాంటి గుల్లలు శిలాజాలుగా దొరుకుతాయి. వాటి గురించి విస్తృతంగా తిరుగుతున్న ఒక సందేశం నాలుగు మాటలు చెబుతోంది. అవి రాయిగా మారిన నత్తలట. నేటికీ సముద్రంలో బతుకుతున్న, చుట్టగుల్ల ఉన్న నాటిలస్ వాటి సంతతేనట. పెద్దవన్నీ పాతవి, చిన్నవన్నీ పిల్లలట. దొరికినదాన్ని శుభ్రంగా కడిగి దాచుకుంటే చాలునట. ఈ నాలుగూ తప్పే. చివరిది మాత్రం తిరిగి పూడ్చలేని నష్టం చేసే తప్పు.

నత్త తన గుల్లలో దాదాపు అంతటా ఉంటుంది. అమ్మోనైట్ చివరి గదిలో మాత్రమే ఉండేది. పెరిగేకొద్దీ వెనక చోటును అడ్డగోడలతో మూసుకుంటూ, ఆ గదుల్లోని నీటిని ఒక సన్నని గొట్టం ద్వారా తోడేసి, సముద్రంలో తేలేది. శిలాజం మీద ఆకు అంచుల్లా మెలికలు తిరిగి కనిపించే గీతలను చాలామంది నగిషీ అనుకుంటారు. నిజానికి అవి ఆ అడ్డగోడలు గుల్ల లోపలి వైపు అతుక్కున్న చోట్లు. గుల్ల ఉన్నంతవరకు అవి బయటికి కనబడవు. గుల్ల పోయి, లోపల నిండి గట్టిపడిన అచ్చు మిగిలినప్పుడే బయటపడతాయి. జాతిని గుర్తించడానికి పక్కటెముకల్లాంటి గట్లతో పాటు ఈ గీతలూ ఆధారమవుతాయి కనుక, నునుపు కోసం అచ్చును అరగదీస్తే ఆ ఆధారాన్ని మన చేతులతో మనమే చెరిపేసినట్టు.

నాటిలస్ సంగతి క్లుప్తంగా చెప్పవచ్చు. దాని గొట్టం ఒక్కో అడ్డగోడ నడిమధ్య గుండా పోతుంది. జురాసిక్ యుగపు అమ్మోనైట్లలో అది చుట్ట వెలుపలి అంచు వెంట సాగుతుంది. గుల్ల రూపం కలిసినా, అమ్మోనైట్లకు దగ్గరి బంధువులు స్క్విడ్లు, ఆక్టోపస్‌లే.

పరిమాణం వయసును చెప్పదు. జురాసిక్ మొదట్లోని సైలోసెరాస్ అనే అమ్మోనైట్ అరచేతిలో ఇమిడిపోతుంది. ఆ యుగం చివర్లోని టైటనైటీస్ అర మీటరు దాటి పెరిగేది. చిన్నవన్నీ పిల్లలన్న మాటా నిలవదు. ఒకే జాతిలో పెద్ద రూపం, చిన్న రూపం ఉండేవని, అవి బహుశా ఆడ, మగ జీవులని 1960ల నుంచి శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. చిన్న రూపాల్లో కొన్నింటికి గుల్ల నోటి దగ్గర రెండు పక్కలా నాలుకల్లాంటి పొడవాటి అంచులు ఉంటాయి. చివరి అడ్డగోడలు ఒకదానికొకటి దగ్గరపడితే, ఎంత చిన్నదైనా ఆ జీవి పూర్తిగా ఎదిగినదే.

ఇక నాలుగో మాట. కడిగి దాచుకుంటే చాలదు, ఏ పొరలో దొరికిందో రాయడమే ముఖ్యం. జర్మన్ భూవిజ్ఞాని ఆల్బర్ట్ ఓపెల్ 1856–58లో జురాసిక్ పొరలను శిలాజాల ఆధారంగా, ముఖ్యంగా అమ్మోనైట్లతో, మండలాలుగా, అంటే ఒక్కో కొద్ది కాలానికి చెందిన పొరలుగా, విభజించాడు. సుమారు 20.1 కోట్ల నుంచి 14.5 కోట్ల ఏళ్ల క్రితం వరకు సాగిన ఆ యుగంలో ఒక్కో మండలం సగటున పది లక్షల ఏళ్లకు మించదు. ఇంత సన్నని కాలమానం సాధ్యమైంది ఏ జాతి ఏ పొరలో ఉందో రాసి ఉంచినందువల్లే. ఇంగ్లాండులోని విట్బీ తీరంలో దొరికే డాక్టిలియోసెరాస్, హిల్డోసెరాస్ అనే అమ్మోనైట్లు చూడడానికి ఎంత అందంగా ఉన్నా, ఏ పొర నుంచి వచ్చాయో తెలియకపోతే వాటి విలువ చాలావరకు పోతుంది. కనుక తీసిన వెంటనే చోటు, పొర, తేదీ రాయాలి. ఒడ్డున విడిగా పడి ఉన్నదైతే ఆ మాటా రాసి, అంటుకున్న మాతృశిలను (శిలాజం చుట్టూ ఉన్న రాయిని) కొంత అలాగే ఉంచాలి. ఆ రాయిని బట్టే అసలు పొరను పోల్చుకోవచ్చు. బంగారు రంగువి పైరైట్‌ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం)గా మారినవి కావచ్చు. వాటిని కడిగి తడిగా పెట్టేస్తే తేమకు, గాలికి ఆమ్లం పుట్టి క్రమంగా పొడిపొడి అవుతాయి. వాటిని బాగా ఆరబెట్టి, తేమ చేరని పెట్టెలో చీటీతో సహా భద్రపరచాలి.