‘వద్దు’ అన్నాక మళ్లీ ఫోనెందుకు?

ఫోను మోగుతుంది. చేతిలో పని వదిలేసి ఎత్తి ‘హలో’ అంటే అవతల ఉలుకూపలుకూ ఉండదు. రెండోసారి ‘హలో’ అనేసరికి లైను తెగిపోతుంది. సరుకులు అమ్మేందుకు ఫోన్లు చేసే కాల్‌సెంటర్లలో డయలర్‌ యంత్రం, మాట్లాడే సిబ్బంది సంఖ్యకు మించి ఒకేసారి ఫోన్లు కలుపుతుంది. ఆ క్షణాన ఎవరూ ఖాళీగా లేకపోతే ఫోను ఎత్తినవారికి దక్కేది మౌనమే. ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారికి ఇది కేవలం చికాకు కాదు, భయం. అమెరికా నిబంధనల ప్రకారం ఫోను ఎత్తినవారి పలకరింపు ముగిసిన రెండు సెకన్లలోపు మనిషి లైన్లోకి రావాలి. అలా రాలేని కాల్స్‌, జనం ఎత్తినవాటిలో 3 శాతం దాటకూడదు. డయలర్‌ వేగం తగ్గించడం సంస్థ చేతిలో పనే.

చట్టాలకు కొదవ లేదు. అమ్మకాల ఫోన్లు వద్దనుకునేవారు తమ నంబరు నమోదు చేసుకునే ‘డు నాట్‌ కాల్‌’ రిజిస్ట్రీ అమెరికాలో 2003లోనే వచ్చింది. ఏయే రకం ప్రచారాలు వద్దో వినియోగదారుడే ఎంచుకునే వీలును భారత్‌ 2018 నిబంధనల్లో కల్పించింది. సంస్థలు కూడా రిజిస్ట్రీతో తమ జాబితాను సరిచూసుకుంటున్నామనే చెబుతాయి. అమెరికాలో కనీసం 31 రోజులకోసారి అలా సరిచూసుకోవాలి. అయితే సంస్థ సొంతంగా నిర్వహించాల్సిన ‘వద్దన్నవారి’ జాబితా సంగతేమిటి? అసలు లొసుగు అక్కడే ఉందని మేము భావిస్తున్నాం.

‘ఇక చేయొద్దమ్మా’ అని ఒకరు స్పష్టంగా చెబుతారు. అవతలి ఉద్యోగిని తెరపై ‘ఆసక్తి లేదు’ అనే మీట నొక్కుతుంది. ఆమెకున్న మీట అదొక్కటే. ఆ గుర్తు పడిన నంబరు కొన్ని వారాలకు మళ్లీ డయలింగ్‌ జాబితాలోకి వచ్చేస్తుంది. ‘మళ్లీ చేయవద్దు’ అనే మీట వేరుగా ఉండాలి. అది నొక్కగానే ఆ సమాచారం మిగతా శాఖలకూ, బయటి ఏజెన్సీలకూ చేరాలి. అలా నొక్కినందుకు ఉద్యోగి టార్గెట్‌లో కోత పడకూడదు. పాత ఖాతాదారులకు ఫోన్‌ చేసుకునే వెసులుబాటు అమెరికా చట్టంలో 18 నెలల వరకు ఉన్నా, ఆ ఖాతాదారుడు వద్దన్న మరుక్షణం అదీ చెల్లదు.

ఫోన్లు చేసింది ఏజెన్సీ, మాకేం తెలుసు అనే సమాధానాన్ని అంగీకరించలేం. ఎవరి సరుకు అమ్మడానికి ఆ ఫోను మోగిందో, బాధ్యత వారిదే. కొనుక్కొచ్చిన నంబర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వినియోగదారుడు ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో సమ్మతి ఇచ్చాడో చూపే రుజువు లేని నంబరుకు డయల్‌ చేయకపోవడమే మేలు. అలాంటి రికార్డులను భద్రపరచాల్సిన కాలాన్ని అమెరికా 2024లో రెండేళ్ల నుంచి అయిదేళ్లకు పెంచింది.

సంస్థల అధిపతులను మేము కోరేది ఒక్కటే. సొంత నంబరును మీ కంపెనీ జాబితాలోనే చేర్పించండి. ఫోను వచ్చినప్పుడు మామూలు మనిషిలా ‘వద్దు’ అని చెప్పి పెట్టేయండి. నెలలోపు మరో శాఖ నుంచి మళ్లీ మోగిందేమో చూడండి.